గుల్లగూడ, చిటిగిద్ద మధ్య 380 మీటర్లు



చెంగిచెర్ల అనగానే హైదరాబాదువాళ్ళకు గుర్తొచ్చేవి బస్ డిపో, మాంసం మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, చర్లపల్లి ఆయిల్ టెర్మినళ్ళ వైపు బారులు తీరే ట్యాంకర్లు. సాఫ్ట్‌వేర్ మాట వినబడితే మాత్రం అందరి చూపూ ఊరికి అటు చివరనున్న మాదాపూర్ మీదికే పోతుంది. చెంగిచెర్లకు పడమట నాచారం పారిశ్రామికవాడ ఉంది. ఉత్తరాన చర్లపల్లి, ఆ పక్కనే కుషాయిగూడ దగ్గర ఈసీఐఎల్ ఉన్నాయి. ఈ దాపుల తయారయ్యే సాఫ్ట్‌వేర్ ఎవరి ఫోన్లోనూ కనబడదు. రైలింజన్లో ఉంటుంది, ఓటింగ్ యంత్రంలో ఉంటుంది, అణు విద్యుత్ కేంద్రం కంట్రోల్ రూములో ఉంటుంది. దాన్ని కొనేది మీరూ నేనూ కాదు, రైల్వేల్లాంటి, ఎన్నికల సంఘంలాంటి పెద్ద సంస్థలు. ఐటీవాళ్ళు దీన్ని మిషన్ క్రిటికల్ సాఫ్ట్‌వేర్ అంటారు. ఇందులో పొరపాటు జరిగితే ‘కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి’ అని తెర మీద రాసి ఊరుకోవడం కుదరదు.

అయితే ఏ సాఫ్ట్‌వేరూ మొదటి రోజే పూర్తిగా కుదిరిరాదు. వాడుతూ, చూస్తూ, మారుస్తూ పోవలసిందే. అంటే ప్రయోగాలు చేయాలి. తప్పు జరగడానికే వీల్లేని చోట ప్రయోగం ఎలా చేస్తారు? దీనికి జవాబు నాచారానికి దగ్గరలోనే దొరుకుతుంది.

ముందు ఇంటర్నెట్ కంపెనీల పద్ధతి ఒకసారి చూద్దాం. 2012లో మైక్రోసాఫ్ట్‌వారి సెర్చ్ ఇంజన్ బింగ్‌లో ప్రకటనల శీర్షికలు చూపించే తీరును కాస్త మారుద్దామని ఒక ఉద్యోగి సూచించాడు. ఆ సూచన నెలల తరబడి మూలన పడి ఉంది. చివరికి ఒక ఇంజనీరు దాన్ని కొంతమంది వాడకందారులకు మాత్రమే చూపించి, మిగిలినవాళ్ళకు పాత పద్ధతే ఉంచి పోల్చాడు. ఆదాయం 12 శాతం పెరిగింది. ఒక్క అమెరికాలోనే ఏడాదికి 10 కోట్ల డాలర్లకు పైగా అన్నమాట. ఇలాంటి పోలికలను ఏ/బీ పరీక్షలంటారు. పెద్ద కంపెనీలు వీటిని రాత్రింబవళ్ళు నడుపుతూనే ఉంటాయి. శీర్షిక నచ్చకపోతే పోయేదేమీ లేదు, మర్నాడు తీసేస్తారు.

ఈ పద్ధతిని రైలు దగ్గరికి తెస్తే ఏమవుతుందో ఊహించండి. సగం రైళ్ళకు ఒకరకం బ్రేకు లెక్క, మిగతా సగానికి మరోరకం పెట్టి, ఏ సగంలో గుద్దుకోవడాలు తక్కువో ఏడాది చివర చూద్దామని ఎవరైనా అంటారా? ప్రాణాల సంగతి అలా ఉంచినా, ఇక్కడ లెక్కలోనే ఒక చిక్కు ఉంది. రైల్వే భద్రతలో అత్యున్నత స్థాయిని సిల్-4 అంటారు. ఆ స్థాయి పరికరంలో ప్రమాదానికి దారితీసే వైఫల్యం 10 కోట్ల గంటలకు ఒకసారి కన్నా తక్కువగా రావాలి. 10 కోట్ల గంటలంటే పదకొండు వేల ఏళ్ళ పైమాటే. పరికరాన్ని నడిపించి, తప్పు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటే ఎవరి ఆయుష్షూ చాలదు. తప్పును పనిగట్టుకుని పుట్టించి, పరికరం దాన్ని పట్టుకుంటుందో లేదో చూడాల్సిందే.

2022 మార్చి 4న జరిగింది అదే. లింగంపల్లి నుంచి వికారాబాద్ వెళ్ళే దారిలో గుల్లగూడ, చిటిగిద్ద అనే రెండు చిన్న స్టేషన్లున్నాయి. వాటి మధ్య ఒకే లైను మీదికి రెండు ఇంజన్లను వదిలారు. ఒకదానిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, రెండోదానిలో రైల్వే బోర్డు ఛైర్మన్ వి.కె. త్రిపాఠి ఉన్నారు. ముందున్న ఇంజను ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే వెనకది తనంతట తానే ఆగిపోయింది. ఆ రోజు పరీక్షల్లో ఎర్ర సిగ్నల్ దగ్గర బ్రేకు పడటం, లూప్ లైనులోకి మళ్ళేటప్పుడు వేగం గంటకు 30 కిలోమీటర్లకు తగ్గటం, లెవెల్ క్రాసింగ్ దగ్గర దానంతట అదే విజిల్ మోగటం కూడా ఉన్నాయి. ఇవన్నీ చేసిన రైలు రక్షణ వ్యవస్థ పేరు కవచ్.

మంత్రి ఇంజను ఎక్కడాన్ని ప్రచారం కోసమే అని కొట్టిపారేయవచ్చు, అందులో కొంత నిజం ఉండొచ్చు కూడా. కాని వ్యాపార సంస్థలకు సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు ఆ దృశ్యంలో మరొకటి చూస్తారు. కొనేవాడే పరీక్షలో కూర్చున్నాడు, సరిగ్గా దెబ్బ తగలగల చోట.

కవచ్ తయారీకి 2018-19లో మూడు కంపెనీలకు ఆమోదం దొరికింది. మూడూ హైదరాబాదువే. మేధా సర్వో డ్రైవ్స్ ఉన్నది నాచారంలో. కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్ ఊరికి దక్షిణాన రావిర్యాల హార్డ్‌వేర్ పార్కులో ఉంది. మూడోది, అప్పటి పేరుతో చెప్పాలంటే, హెచ్‌బీఎల్ పవర్ సిస్టమ్స్. మేధా పేరు విననివాళ్ళు కూడా దాని పనితనం మీద కూర్చుని ప్రయాణం చేసే ఉంటారు. 2018లో చెన్నై పెరంబూరులోని ఐసీఎఫ్‌లో తయారై, వందే భారత్‌గా పేరు తెచ్చుకున్న ట్రైన్ 18కి చోదక వ్యవస్థ అందించింది ఈ కంపెనీయే.

కవచ్‌కు ముందు ఒక పాత కథ ఉంది. అది తెలియకపోతే ఈ ప్రయోగాల విలువ పూర్తిగా అర్థం కాదు. 1999 ఆగస్టు 2న పశ్చిమ బెంగాల్‌లోని గైసల్ దగ్గర రెండు రైళ్ళు ఢీకొని 280 మందికి పైగా చనిపోయారు. అప్పటికి కొంకణ్ రైల్వేలో ఉన్న తెలుగు ఇంజనీరు బొజ్జి రాజారాం, రైళ్ళు ఒకదాన్నొకటి పసిగట్టి ఆగే యాంటీ కొలిజన్ డివైస్‌ను రూపొందించారు. దాన్ని తయారుచేసింది కెర్నెక్స్. ఉపగ్రహాల సాయంతో, అంటే జీపీఎస్‌తో, రైలు ఎక్కడుందో కనిపెట్టడం అందులోని కిటుకు. ఈశాన్య సరిహద్దు రైల్వేలో పెద్ద ఎత్తున పెట్టి చూశారు.

ఆలోచన మంచిదే. చిక్కల్లా స్టేషన్ యార్డులో వచ్చింది. పక్కపక్క పట్టాల మధ్య ఎడం నాలుగైదు మీటర్లే. రైలు ఏ పట్టా మీద ఉందో జీపీఎస్ ప్రతిసారీ కచ్చితంగా చెప్పలేకపోయింది. దాంతో పక్క లైనులో నిలబడి ఉన్న రైలును చూసి కూడా బ్రేకులు పడేవి. అక్కర లేని చోట పదే పదే బ్రేకు వేసే పరికరాన్ని లోకో పైలట్ నమ్మడు. నమ్మని పరికరం ఇంజన్లో ఉన్నా లేనట్టే. ఈ సంగతి ప్రయోగశాలలో బల్ల మీద బయటపడేది కాదు. మంచూ వానా పడే నిజమైన లైనులో, నిజమైన యార్డుల్లోనే బయటపడింది.

ఆ అనుభవం వృథా పోలేదు. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ 2012లో టీకాస్ పేరుతో కొత్త వ్యవస్థ పని మొదలుపెట్టింది. అదే తర్వాత కవచ్ అయింది. ఇందులో రైలు ఏ పట్టా మీద ఉందో ఆకాశం చెప్పదు, పట్టాలే చెబుతాయి. పట్టాల మధ్య స్లీపర్లకు చిన్న చిన్న ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు బిగిస్తారు. ఇంజను కింద ఉన్న యాంటెనా వాటిని చదువుకుంటూ పోతుంది. ఇంజనుకూ స్టేషనుకూ మధ్య సంభాషణ రేడియోలో సాగుతుంది. ముందున్న సిగ్నల్ రంగు లోకో పైలట్ ముందరి తెర మీద కనబడుతుంది. పొగమంచులో దీని విలువ ఏమిటో ఉత్తరాది పైలట్లను అడగాలి.

పరీక్షలకు ఎంచుకున్న చోటు కూడా ఆలోచించి ఎంచుకున్నట్టే ఉంది. లింగంపల్లి నుంచి వికారాబాద్ మీదుగా వాడి దాకా ఉన్నది రద్దీ గల జంట లైను. వికారాబాద్ నుంచి బీదర్ వెళ్ళేది ఒంటి లైను. రెండూ కలిపి సుమారు 265 కిలోమీటర్లు. ఒంటి లైనులో ఎదురెదురు ప్రమాదం, జంట లైనులో వెనక నుంచి గుద్దే ప్రమాదం, ఇలా రెండు రకాల కష్టమూ ఒక్క ముక్కలోనే దొరుకుతుంది. పైగా సికింద్రాబాద్ తార్నాక దగ్గర రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే ఇరిసెట్ ఉంది. తయారీదారులు, పరీక్షించేవాళ్ళు, నేర్పేవాళ్ళు ఒకే నగరంలో ఉన్నారు. ఏదైనా తేడా వస్తే అదే సాయంత్రం ఒకచోట కూర్చోవచ్చు. ఈ సౌకర్యాన్ని తక్కువగా అంచనా వేయకూడదు.

ప్రయాణికుల రైళ్ళ మీద పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. బయటి నుంచి చూస్తే ఇదొక చిన్న వార్త. లోపల ఉన్న పని మాత్రం అంతా ఇంతా కాదు. బ్రేకు సంగతే తీసుకుందాం. ఖాళీ గూడ్సు, బొగ్గు నింపిన గూడ్సు ఒకే దూరంలో ఆగవు. దిగుడు వాలులో ఒక లెక్క, ఎగుడు వాలులో మరో లెక్క. సాఫ్ట్‌వేర్ బ్రేకును ముందుగా వేస్తే రైలు ఆలస్యమవుతుంది, పైలట్ విసుక్కుంటాడు, పాత డివైస్ గతే దీనికీ పడుతుంది. ఆలస్యంగా వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. ఈ రెండింటి మధ్య సరైన గీత ఎక్కడుందో కాగితం మీది సూత్రం ఉజ్జాయింపుగానే చెబుతుంది. మిగతాది నడిపించి, కొలిచి, మార్చి, మళ్ళీ నడిపించి తెలుసుకోవాలి. నిరంతర ప్రయోగం అంటే ఇక్కడ అర్థం ఇదే.

ఇంకో మెలిక ఉంది. ఒక కంపెనీ పరికరం ఉన్న ఇంజను మరో కంపెనీ పరికరం ఉన్న స్టేషన్లోకి వస్తుంది. నాచారంవాళ్ళ ఇంజను రావిర్యాలవాళ్ళ స్టేషనుతో తడబడకుండా మాట్లాడాలి. మార్కెట్లో పోటీదారులైనవాళ్ళు పట్టాల మీద మాత్రం ఒకే భాష మాట్లాడి తీరాలి. అందుకే కలిసి పనిచేసే పరీక్షలు విడిగా జరిగాయి. వీటన్నిటి పైన, తయారీదారుకూ రైల్వేలకూ సంబంధం లేని మూడో సంస్థ భద్రతను అంచనా వేసింది. 2020 జూలైలో కవచ్‌ను జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. మొదలుపెట్టినప్పటి నుంచి లెక్కేస్తే ఎనిమిదేళ్ళు. రెండు వారాలకొకసారి కొత్త వెర్షన్ విడుదల చేసే మాదాపూర్ కుర్రాళ్ళు ఈ మాట వింటే నవ్వుతారు.

నవ్వేవాళ్ళు 2024 జూలై 19 శుక్రవారాన్ని గుర్తుచేసుకోవాలి. ఆ రోజు మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒక చిన్న ఫైలును ప్రపంచమంతటా ఉన్న ఖాతాదారుల కంప్యూటర్లకు ఒక్కసారిగా పంపింది. అందులో తప్పుంది. 10 గంటల 57 నిమిషాలకు వెనక్కి తీసుకున్నారు. 78 నిమిషాలు. ఈలోగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ఒక ప్రయాణికుడికి పెన్నుతో రాసిచ్చిన పాసు ఫొటో దేశమంతా తిరిగింది.

ఆ ఫైలును పంపే ముందు కంపెనీ పరీక్షించలేదని కాదు. పరీక్షించే సాఫ్ట్‌వేర్‌లోనే లోపముంది, తప్పున్న ఫైలు దాని కన్నుగప్పింది. అసలు లోటు ఏమిటంటే, ముందు కొద్ది యంత్రాలకు పంపి, చూసి, తర్వాత మిగతావాటికి పంపే అలవాటు ఆ రకం ఫైళ్ళకు లేకపోవడం. ఆ తర్వాత కంపెనీ అంచెలంచెలుగా పంపే పద్ధతి తెచ్చింది. ఎప్పుడు తీసుకోవాలో నిర్ణయించుకునే వీలును ఖాతాదారులకే ఇచ్చింది. వికారాబాద్ లైనులో మొదటి నుంచీ ఉన్న మర్యాద ఇక్కడికి ఇన్ని విమానాలు ఆగాక వచ్చింది.

పాత సాఫ్ట్‌వేర్‌కు వెనక్కి రావడం కూడా తేలిక కాదని చెప్పడానికి ఇంకో ఉదాహరణ. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఎక్కించింది, ఎనిమిదోది మరిచిపోయింది. అందులో 2003 నుంచి వాడకుండా వదిలేసిన పాత కోడ్ ఒకటి నిద్ర లేచి ఇష్టం వచ్చినట్టు షేర్లు కొనడం, అమ్మడం మొదలుపెట్టింది. కంగారుపడ్డ ఇంజనీర్లు మిగతా ఏడింటిలోంచి కొత్త సాఫ్ట్‌వేర్‌ను తీసేశారు. పాత దయ్యం అప్పుడు ఎనిమిదింటిలోనూ లేచింది. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. రోల్‌బ్యాక్ అనే పనిని వాళ్ళు ముందెప్పుడూ పరీక్షించి చూసుకోలేదు. కవచ్ విషయంలో ఈ దారి మొదటే వేసి ఉంచారు. పరికరం మొరాయిస్తే లోకో పైలట్ దాన్ని పక్కకు తప్పించవచ్చు. పట్టాల పక్కన సిగ్నళ్ళు ఎప్పటిలాగే వెలుగుతూనే ఉంటాయి.

ఇక చెంగిచెర్లకు మరో పక్కనున్న ఈసీఐఎల్ సంగతి. 1967లో అణుశక్తి శాఖ కింద డాక్టర్ ఎ.ఎస్. రావు నాయకత్వంలో పుట్టిన ఈ సంస్థ, బెంగళూరులోని బీఈఎల్‌తో పాటు దేశానికి ఓటింగ్ యంత్రాలు చేసిపెడుతుంది. ఇక్కడ చిక్కు వేరు. యంత్రంలోని ప్రోగ్రామును చిప్‌లో ఒక్కసారే రాస్తారు, తర్వాత మార్చడానికి వీల్లేదు. కవచ్‌కు కొత్త వెర్షన్ ఎక్కించవచ్చు, దీనికి కుదరదు. మార్చలేకపోవడమే దీనికి రక్షణ. అంటే ప్రయోగమంతా ముందే అయిపోవాలి.

ఎన్నికల్లో యంత్రం మొదటిసారి వాడింది 1982 మేలో, కేరళలోని పరవూరు నియోజకవర్గంలో, 50 పోలింగ్ కేంద్రాల్లో. యంత్రాలతో ఓటింగ్‌కు చట్టంలో చోటు లేదంటూ 1984లో సుప్రీంకోర్టు ఆ కేంద్రాల్లో మళ్ళీ పోలింగ్ పెట్టమంది. యంత్రం లెక్క తప్పిందని కాదు, అడగవలసినవాళ్ళను అడగకుండా ప్రయోగం చేశారని. చట్టం మార్చడానికి 1989 దాకా పట్టింది. ఆ పాఠం తర్వాత వీవీప్యాట్ విషయంలో పనికొచ్చింది. ఓటరుకు తన ఓటును ఏడు సెకన్లపాటు కాగితం మీద చూపించే ఆ పెట్టెను 2011 జూలైలో లేహ్, జైసల్మేర్, చిరపుంజి, తిరువనంతపురం, తూర్పు ఢిల్లీలలో పరీక్షించారు. ఎముకలు కొరికే చలి, ఎడారి ఎండ, ఎడతెగని వాన, కోస్తా ఉక్క, అన్నీ చూశారు. డిజైన్‌లో చాలా మార్పులు చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడు మళ్ళీ పరీక్షించారు. 2013 ఆగస్టులో నిబంధనలు సవరించాకే, సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సేన్ ఉప ఎన్నికలో వాడారు. పరవూరులో తలకిందులైన వరస ఇక్కడ సరిపడింది.

అయినా ప్రతిదాన్నీ ముందే ఊహించలేం. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది నిలబడ్డారు. వారిలో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులు, నిరసనగా నామినేషన్లు వేసినవాళ్ళు. అంతకు ముందు తరం యంత్రాలు నోటాతో కలిపి 64 పేర్లకు మించి మోయలేవు. ఈసీఐఎల్ కొత్త తరం ఎం3 యంత్రానికి 384 దాకా శక్తి ఉంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా కలిపారు. డిజైన్ కాగితంలో 24 యూనిట్ల దాకా కలపవచ్చని ఉండటం వేరు, పల్లె బడి గదిలో పన్నెండింటిని నిజంగా కలిపి ఏప్రిల్ 11 ఉదయం పోలింగ్ నడపడం వేరు. పార్టీల ఏజెంట్ల ముందు మాక్ పోల్ నడిపి, లెక్క సరిపోయిందని చూపించి, ఆ ఓట్లు చెరిపేశాకే అసలు ఓటింగ్ మొదలవుతుంది. దేశంలో ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ ప్రతి ఎన్నికకూ జరిగే ఈ చిన్న తంతును నిరంతర ప్రయోగానికి ఇంతకన్నా మంచి నమూనాగా చూపించడం కష్టం.

ఇంత జాగ్రత్తను మెచ్చుకుంటూ పోతే ఒక నిజం మరుగున పడుతుంది. నిదానానికీ ఖరీదుంటుంది. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ మధ్య పలాస ప్యాసింజరును వెనక నుంచి రాయగడ ప్యాసింజరు గుద్దింది. 14 మంది చనిపోయారు. ఆ లైనులో కవచ్ లేదు. గుల్లగూడ దగ్గర 380 మీటర్ల ఎడంలో ఇంజను ఆగి అప్పటికి ఏడాదిన్నర దాటింది. 2024లో కూడా కవచ్ ఉన్నది దక్షిణ మధ్య రైల్వేలో 1465 కిలోమీటర్ల మేర, 144 ఇంజన్లలోనే. పరీక్ష తొందరపడి ముగించకూడదన్నది ఎంత నిజమో, తేలిపోయిన దాన్ని దేశమంతా పరచడంలో జాప్యాన్ని పరీక్ష పేరుతో సమర్థించుకోకూడదన్నదీ అంతే నిజం. ఈ రెండు పద్దులనూ రైల్వేలు కలిపేయకుండా చూడాలి.

2024 జూలై 16న కవచ్ 4.0 వెర్షన్‌కు ఆర్‌డీఎస్‌ఓ ఆమోదం తెలిపింది. రైలు ఎక్కడుందో మరింత కచ్చితంగా చెప్పడం, పెద్ద యార్డుల్లో సిగ్నల్ సమాచారాన్ని మెరుగుపరచడం, ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌తో నేరుగా కలవడం ఇందులోని ముఖ్యమైన మార్పులు. చిన్న స్టేషన్ల మీద చేసిన పరీక్షలు పెద్ద యార్డుల దగ్గరికి వెళ్ళేసరికి అడిగిన కొత్త ప్రశ్నలివి. పాత డివైస్‌ను ఓడించిందీ యార్డులే కదా. ఏడాది తర్వాత, 2025 జూలైలో, ఢిల్లీ-ముంబై మార్గంలో మథుర నుంచి కోటా దాకా 324 కిలోమీటర్లలో ఈ వెర్షన్ పనిలోకి వచ్చింది.

పని చేసే చేతులూ కావాలి. అప్పటికి కవచ్ మీద శిక్షణ పొందినవాళ్ళు 30 వేలు దాటారు. తార్నాక ఇరిసెట్ 17 ఇంజనీరింగ్ విద్యాసంస్థలతో ఒప్పందం చేసుకుని బీటెక్‌లో కవచ్‌ను పాఠంగా పెట్టిస్తోంది. మొదటి మూడు కంపెనీలకు తోడు మరికొన్ని ఇప్పుడు బరిలోకి దిగుతున్నాయి. అలా వచ్చే ప్రతి కొత్త పరికరమూ ఉన్న పరికరాలన్నిటితో జత కుదురుతుందో లేదో మళ్ళీ పట్టాల మీదే తేలాలి. ఆ జతల లెక్క కంపెనీల లెక్క కన్నా చాలా వేగంగా పెరుగుతుంది.